ఫోటో సెన్సార్‌కు సరైన రిఫ్లెక్టర్ ఎంచుకోవడం: సిమెంటు, బండలు, జిన్నింగ్ ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ సిబ్బంది కోసం

కన్వేయర్ మీద బస్తాలు లెక్కపెట్టే ఫోటో సెన్సార్ తప్పుడు లెక్క చూపిస్తే మన ఫ్యాక్టరీల్లో మొదట మార్చేది సెన్సార్‌నే. మార్చినా తప్పు తగ్గకపోతే అనుమానం వైరింగ్ మీదికి, అక్కడి నుంచి పీఎల్‌సీ (మెషిన్లను నడిపే కంట్రోలర్) ప్రోగ్రామ్ మీదికి పోతుంది. ఎదురుగా క్లాంపుకు బిగించిన, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బిళ్ల వైపు మాత్రం ఎవరి చూపూ పోదు. ఆ బిళ్లే రిఫ్లెక్టర్. సెన్సార్ పంపిన కాంతి తిరిగి సెన్సార్‌కే చేరడం దాని మీద ఆధారపడి ఉంది; బస్తా అడ్డం వచ్చి ఆ కాంతి ఆగినప్పుడే సెన్సార్ దాన్ని లెక్కపెడుతుంది. సెన్సార్ డేటాషీట్‌లో, అంటే కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో, రాసిన దూరం ఆ సెన్సార్ ఒక్కదానిదే అనుకోవడం పొరపాటు. అది ఫలానా సెన్సార్, ఫలానా రిఫ్లెక్టర్ కలిసిన జతకు చెప్పిన లెక్క. ఉదాహరణకు ఓమ్రాన్ కంపెనీ ఈ3జెడ్-ఆర్61 సెన్సార్‌కు ఈ39-ఆర్1ఎస్ రిఫ్లెక్టర్‌తో 4 మీటర్లు, ఈ39-ఆర్1 రిఫ్లెక్టర్‌తో 3 మీటర్లు అని కంపెనీయే ప్రకటించింది. సెన్సార్ అదే, బిళ్ల మారగానే ఒక మీటరు పోయింది. ఇక ఊరూ పేరూ లేని బిళ్ల బిగిస్తే ఎంత పోతుందో ఏ డేటాషీట్‌లోనూ ఉండదు.

ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే యూనిట్లు, ఆదోని జిన్నింగ్ మిల్లులు, అనంతపురం వైపు వేరుసెనగ నూనె మిల్లులు — వీటిలో ఏ రెండు చోట్లా దుమ్ము ఒకే రకంగా ఉండదు. అందువల్ల పక్క ఫ్యాక్టరీలో బాగా పనిచేస్తున్న రిఫ్లెక్టర్ మన దగ్గర కూడా పనిచేస్తుందన్న భరోసా లేదు. ఎంపిక చేసేటప్పుడు మూడు సంగతులు ఈ వరుసలోనే చూడాలి: సెన్సార్ ఏ రకం, మధ్య దూరం ఎంత, చుట్టూ ఉన్న మురికి ఏమిటి. ధర ఆ తర్వాతే.

బిళ్ల లోపల ఏం జరుగుతుంది

రిఫ్లెక్టర్ ముఖాన్ని దగ్గరగా పట్టుకుని చూస్తే లోపల తేనెపట్టులా షడ్భుజాల గడులు కనిపిస్తాయి. ఒక్కో గడి వెనుక మూడు నున్నని తలాలు ఒకదానికొకటి లంబంగా కలిసి ఒక మూలను ఏర్పరుస్తాయి. ఆ మూలలో పడిన కాంతి మూడు తలాల మీదా ఒక్కోసారి పరావర్తనం చెంది, ఏ దిశ నుంచి వచ్చిందో ఆ దిశకే సమాంతరంగా తిరిగి పోతుంది. అందుకే రిఫ్లెక్టర్ కాస్త వాలి ఉన్నా పని ఆగదు. అద్దమైతే ఒక డిగ్రీ వంగినా కాంతి ఎటో పోతుంది; మామూలు ప్రిజమ్ రిఫ్లెక్టర్ మాత్రం 10, 15 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది.

ఈ ప్రిజమ్‌ల వెనుక సాధారణంగా పాదరసపు పూత గానీ వెండి పూత గానీ ఉండదు. స్వచ్ఛమైన ప్లాస్టిక్‌కూ వెనుక ఉన్న గాలికీ మధ్య జరిగే సంపూర్ణాంతర పరావర్తనమే కాంతిని వెనక్కి తిప్పుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే రిఫ్లెక్టర్ల గురించి సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. వెనుక ఉన్నది గాలే అయి ఉండాలి. నీరు చేరినా, నూనె చేరినా, జిగురు పాకినా ఆ మేరకు గడులు గుడ్డివైపోతాయి. బ్రాకెట్‌కు సరిపోవడం లేదని బిళ్లకు డ్రిల్లుతో కొత్త రంధ్రం వేయడం, అంచులు రంపంతో కోయడం, వీపు వైపు పగిలితే ఫెవిక్విక్ నింపడం — ఈ మూడూ మన వర్క్‌షాపుల్లో రోజూ జరిగేవే. మూడూ బిళ్లకు వేసి ఉన్న సీలును పోగొట్టేవే. కొన్నాళ్లకు లోపల తేమ చేరి ముఖం వెనుక మసక మచ్చ మొదలవుతుంది. పైన ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు.

పోలరైజ్డ్ సెన్సార్‌కు ఏది పనికిరాదు

రిఫ్లెక్టర్‌తో పనిచేసే సెన్సార్లలో మామూలువి, పోలరైజ్డ్ అని రెండు రకాలున్నాయి. మామూలు సెన్సార్‌కు కాంతి తిరిగి వస్తే చాలు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది దానికి పట్టదు. బెల్టు మీద తడిగా మెరుస్తున్న గ్రానైట్ పలక వచ్చిందనుకుందాం. ఆ పలక అద్దంలా కాంతిని వెనక్కి కొడితే సెన్సార్ దాన్నే రిఫ్లెక్టర్ అనుకుని, మధ్యలో ఏ వస్తువూ లేదని తీర్మానిస్తుంది. పలక లెక్కలోకి రాదు. మెరిసే ప్లాస్టిక్ సంచులు, నూనె డబ్బాల రేకు, స్టెయిన్‌లెస్ స్టీలు పాల క్యాన్లు కూడా ఇదే చిక్కు తెస్తాయి.

పోలరైజ్డ్ సెన్సార్‌లో ఈ చిక్కుకు విరుగుడు ఉంది. పంపే కాంతికి, అది ఒకే తలంలో కంపించేలా చేసే ఒక ఫిల్టర్, తీసుకునే కాంతికి దానికి 90 డిగ్రీలు తిప్పిన మరో ఫిల్టర్ పెడతారు. నున్నటి రేకు మీద పడి తిరిగొచ్చిన కాంతి కంపించే తలం మారదు కాబట్టి రెండో ఫిల్టర్ దాన్ని ఆపేస్తుంది. ప్రిజమ్ గడిలో మూడుసార్లు పరావర్తనం చెందిన కాంతిలో ఆ తలం మారుతుంది; అలా మారిన భాగం రెండో ఫిల్టర్ దాటి లోపలికి పోతుంది. సెన్సార్ తన రిఫ్లెక్టర్‌ను గుర్తుపట్టేది ఇలాగే.

దీన్నిబట్టి కొనేటప్పుడు తప్పక పాటించవలసిన నియమం ఒకటి తేలుతుంది. పోలరైజ్డ్ సెన్సార్ ఎదుట గాజుపూసల టేపు పెట్టకూడదు. మన ఊళ్లలో బండ్లకు అంటించే మెరిసే టేపులన్నిటినీ జనం రేడియం స్టిక్కర్ అనే పిలుస్తారు, కానీ వాటిలో రెండు జాతులున్నాయి. సన్నని గాజుపూసలు చల్లిన టేపు కాంతిని వెనక్కి తిప్పినా దాని కంపనతలాన్ని మార్చదు. అందువల్ల పోలరైజ్డ్ సెన్సార్‌కు ఆ టేపు ఉన్నా లేనట్టే. ప్రిజమ్ గడులున్న టేపు అయితే పనిచేస్తుంది. వెనుక లోహపు పూత ఉన్న ప్రిజమ్ టేపులను కూడా ఈ పనికి నమ్మకపోవడమే మంచిది. టేపు మీద గడుల గీతలు భూతద్దంలో కనిపిస్తే ప్రిజమ్ జాతి, ఇసుక కాగితంలా సమంగా గరుకుగా కనిపిస్తే పూసల జాతి. ఆ మాత్రం చూపు చాలదనిపిస్తే అంగడికి సెన్సార్‌ను, ఒక 24 వోల్టుల చిన్న సప్లయ్‌ను తీసుకుపోయి, టేపు ముక్కను డేటాషీట్‌లో చెప్పిన కనీస దూరం దాటి, అర మీటరు దూరంలో పట్టి చూస్తే లైటు వెలుగుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

రంగు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పోలరైజ్డ్ సెన్సార్లలో ఎక్కువ భాగం కంటికి కనిపించే ఎర్ర కాంతితో పనిచేస్తాయి. తెల్లని, అంటే రంగులేని రిఫ్లెక్టర్ అన్నిటికంటే ఉత్తమం. ఎర్రది కూడా ఎర్ర కాంతిని పోనిస్తుంది. ఆకుపచ్చ, నీలం రంగువి వద్దు. సైకిల్ వెనుక బిళ్లను పీకి బిగించే అలవాటు ఒకటి ఉంది; అది అన్ని పక్కల నుంచి వచ్చే వాహనాలకు కనిపించేలా తయారైన వస్తువు కాబట్టి, సెన్సార్ వైపు అది తిప్పి పంపే కాంతి తక్కువ. ఆ రాత్రి షిఫ్ట్ గట్టెక్కడానికి అది సరే, శాశ్వతంగా మాత్రం వద్దు.

బస్తాల ప్యాలెట్ల చుట్టూ బిగించే పారదర్శక ఫిల్ము దగ్గర పోలరైజ్డ్ సెన్సార్ కూడా తడబడవచ్చు. సాగదీసిన ప్లాస్టిక్ ఫిల్ము తనంత తానుగా కాంతి కంపనతలాన్ని తిప్పగలదు. దాని వెనుక మెరుపున్న వస్తువు ఉంటే సెన్సార్‌కు అది రిఫ్లెక్టర్‌లాగే కనిపించే ప్రమాదం ఉంది. అలాంటి చోట సెన్సార్‌ను, రిఫ్లెక్టర్‌ను ప్యాలెట్‌కు సూటిగా కాకుండా 10 డిగ్రీలు ఏటవాలుగా పెట్టి, ఫిల్ము మీద నుంచి వచ్చే మెరుపు పక్కకు పోయేలా చూసుకోవాలి. నీళ్ల సీసాల వంటి పారదర్శక వస్తువులను పట్టుకోవాలంటే ఆ పనికే చేసిన సెన్సార్, దానికి కంపెనీ సూచించిన రిఫ్లెక్టర్ కొనాలి. సీసా అడ్డం వచ్చినప్పుడు కాంతి కొద్దిగానే తగ్గుతుంది. ఆ కొద్ది తేడాను మామూలు జత నమ్మకంగా పట్టుకోలేదు.

సైజు, దూరం: ఒక చిన్న లెక్క

పెద్ద రిఫ్లెక్టర్ మంచిదని అందరూ అంటారు. ఎంత పెద్దది, ఎందుకు మంచిది అన్నది లెక్క వేస్తే గానీ తేలదు.

ఎల్ఈడీ సెన్సార్ కాంతి మొత్తం 2 డిగ్రీల కోణంలో విస్తరిస్తోందనుకుందాం. లెన్స్ సొంత వ్యాసాన్ని వదిలేస్తే, ప్రతి మీటరుకూ కాంతి మచ్చ వ్యాసం దాదాపు 3.5 సెంటీమీటర్లు పెరుగుతుంది. 4 మీటర్ల దూరంలో మచ్చ 14 సెంటీమీటర్ల వ్యాసంతో, అంటే 154 చదరపు సెంటీమీటర్ల వైశాల్యంతో ఉంటుంది. అక్కడ 60కి 40 మిల్లీమీటర్ల రిఫ్లెక్టర్ పెడితే దాని వైశాల్యం 24 చదరపు సెంటీమీటర్లే. సెన్సార్ పంపిన కాంతిలో ఆరో వంతుకు కాస్త తక్కువే దాని మీద పడుతుంది, మిగిలింది వెనుక గోడ పాలవుతుంది. అదే చోట 80కి 80 మిల్లీమీటర్లది పెడితే 64 చదరపు సెంటీమీటర్లు దొరుకుతాయి. తిరిగొచ్చే కాంతి రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. చిన్నవి రెండు పక్కపక్కన బిగించినా వైశాల్యం రెట్టింపవుతుంది. స్టోర్‌లో పెద్దది లేనప్పుడు ఇది చవకైన ఉపాయం. మచ్చ మధ్యలో వెలుగు ఎక్కువ, అంచుల్లో తక్కువ ఉంటుంది కాబట్టి ఈ అంకెలను ఉరామరికగానే తీసుకోవాలి.

అదే సెన్సార్‌ను 1 మీటరు దూరంలో వాడితే మచ్చ 3.5 సెంటీమీటర్లే. అప్పుడు 80 మిల్లీమీటర్ల బిళ్ల వల్ల అదనంగా వచ్చే కాంతి ఏమీ లేదు, అంచులన్నీ ఖాళీగానే ఉంటాయి. అయినా వైబ్రేషన్ ఉన్న చోట ఆ ఖాళీ అంచులు పనికొస్తాయి. క్లాంపు కాస్త జారినా మచ్చ బిళ్ల మీదే ఉంటుంది.

దూరం పెరిగే కొద్దీ సిగ్నల్ ఎంత వేగంగా పడిపోతుందో చాలామంది ఊహించరు. మచ్చ రిఫ్లెక్టర్ కంటే పెద్దదైన తర్వాత, దూరం రెట్టింపైతే బిళ్ల మీద పడే కాంతి నాలుగో వంతు అవుతుంది. తిరుగు ప్రయాణంలోనూ కాంతి అలాగే విస్తరించి మళ్లీ నాలుగో వంతు అవుతుంది. మొత్తం మీద పదహారో వంతు. దీన్ని తిరగేసి వాడుకోవడమే తెలివైన పని: డేటాషీట్ 4 మీటర్లంటే మనం 2 మీటర్లకు మించకుండా బిగిస్తే మురికిని ఓర్చుకునే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. బెల్టు వెడల్పు ఒక మీటరే అయినప్పుడు, చోటు ఖాళీగా ఉంది కదా అని రిఫ్లెక్టర్‌ను అవతలి గోడకు కొట్టడంలో అర్థం లేదు.

అలాగని మరీ దగ్గరకు కూడా తేకూడదు. పంపే లెన్స్, తీసుకునే లెన్స్ పక్కపక్కన ఉన్న సెన్సార్లలో రిఫ్లెక్టర్ మరీ దగ్గరుంటే తిరిగొచ్చే కాంతి రెండో లెన్స్‌ను చేరకుండా మొదటి లెన్స్‌లోకే పోతుంది. ఆ కనీస దూరాన్ని డేటాషీట్ ఇస్తుంది. పైన చెప్పిన సెన్సార్‌కు అది 100 మిల్లీమీటర్లు. ఇరుకు చోట తప్పనిసరైతే రెండు పనులూ ఒకే లెన్స్‌తో చేసే సెన్సార్‌ను, సన్నని గడుల రిఫ్లెక్టర్‌ను తీసుకోవాలి.

చిన్న వస్తువుల దగ్గర మాత్రం పెద్ద బిళ్ల చేటు చేస్తుంది. బిళ్లను పూర్తిగా కప్పలేని వస్తువు పక్క నుంచి కాంతి వెళ్లి తిరిగి వస్తూనే ఉంటుంది. పట్టుకోవలసిన వస్తువు బిళ్ల కంటే పెద్దదై ఉండాలి; కాని పక్షంలో బిళ్లను చిన్నది చేయాలి లేదా సెన్సార్ ముఖానికి సన్నని చీలిక ఉన్న మూత బిగించాలి.

లేజర్ సెన్సార్లది వేరే దారి. వాటి మచ్చ కొన్ని మిల్లీమీటర్లే. మామూలు రిఫ్లెక్టర్ గడి కూడా కొన్ని మిల్లీమీటర్లే కావడం వల్ల, మచ్చ గడి మధ్యలో పడితే సిగ్నల్ బలంగా, రెండు గడుల అంచు మీద పడితే బలహీనంగా వస్తుంది; మెషిన్ కదిలినప్పుడల్లా సెన్సార్ మినుకుమంటుంది. లేజర్‌కు సూక్ష్మమైన గడులున్న రిఫ్లెక్టరే వాడాలి. మధ్యలో స్క్రూ రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్లలను లేజర్ దగ్గరికే రానివ్వకూడదు.

మన దుమ్ము, మన ఎండ

ఎక్సెస్ గెయిన్ అనే మాట డేటాషీట్‌లో ఒక గ్రాఫుగా కనిపిస్తుంది. సెన్సార్ పనిచేయడానికి కావలసిన కనీస కాంతి కంటే ఎన్ని రెట్లు ఎక్కువ కాంతి తిరిగి వస్తోందో ఆ గ్రాఫు చెబుతుంది. సెన్సార్ పరిశ్రమలో వాడుకలో ఉన్న మార్గదర్శకం ప్రకారం శుభ్రమైన గదిలో 1.5 రెట్లు చాలు, కొద్దిపాటి దుమ్ముకు 5 రెట్లు, ఓ మోస్తరు దుమ్ముకు 10 రెట్లు, బాగా దుమ్ము ఉన్న చోట 50 రెట్లు ఉండాలి. సిమెంటు ప్యాకింగ్ ప్లాంటును 50 రెట్ల వరుసలో పెట్టడానికి ఎవరూ సందేహించనక్కర్లేదు.

ఆ అంకె ఎందుకంత పెద్దదో చూద్దాం. లెన్స్ మీద, రిఫ్లెక్టర్ మీద చెరిసమంగా దుమ్ము పేరుకుని, ఒక్కో పొర సగం కాంతినే పోనిస్తోందనుకుందాం. కాంతి బయటికి వచ్చేటప్పుడు లెన్స్ మీద ఒకసారి, రిఫ్లెక్టర్‌లోకి పోయేటప్పుడు ఒకసారి, అందులోంచి వచ్చేటప్పుడు ఒకసారి, మళ్లీ లెన్స్‌లోకి పోయేటప్పుడు ఒకసారి, మొత్తం నాలుగు పొరలు దాటాలి. మిగిలేది పదహారో వంతు. కంటికి సగం మసకగా కనిపించే మురికి సెన్సార్‌కు పదహారు రెట్ల నష్టం.

ప్యాకర్ నుంచి 50 కిలోల బస్తా బెల్టు మీద పడినప్పుడు దాని మూతి నుంచి సన్నని పొగలాంటి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము రిఫ్లెక్టర్ మీద వాలడమే కాదు, తెల్లవారుజామున తేమ తగిలితే గట్టిపడి పెళుసుబారిన పొరగా మారుతుంది. హెల్పర్ భుజం మీది తువ్వాలుతో దాన్ని గట్టిగా రుద్దుతాడు. కొన్ని వారాల తర్వాత ఆ బిళ్లను విప్పి కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, చేయి తిరిగిన మేరకు వంపు గీతలు ముఖం నడుమ కనిపిస్తాయి. చేయి పోని నాలుగు మూలలు మాత్రం కొత్తవిలా నిగనిగలాడుతుంటాయి. దుమ్ము కంటే తువ్వాలే ఎక్కువ నష్టం చేసిందన్నమాట. ముందు గాలితో ఊది, తర్వాత సబ్బు నీటిలో తడిపిన మెత్తని నూలు గుడ్డను నొక్కకుండా జరపాలి. పొడి గుడ్డ వద్దు. థిన్నర్, స్పిరిట్ అసలు వద్దు. రిఫ్లెక్టర్ ముఖం ఎక్కువగా అక్రిలిక్ ప్లాస్టిక్, ఆ ద్రవాలు తగిలితే అందులో వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

బేతంచెర్ల, తాడిపత్రి పాలిష్ యూనిట్లలో దుమ్ము పొడిగా ఉండదు, నీటితో కలిసి చిమ్ముతుంది. ఆరాక తెల్లని పూతలా అంటుకుంటుంది. ఇక్కడ బిళ్ల ముఖం కంటే వీపు ముఖ్యం: చుట్టూ అతుకు వేసి మూసిన, దుమ్మూ నీరూ లోపలికి పోనివ్వని ఐపీ67 స్థాయి రక్షణ ఉన్న రిఫ్లెక్టర్ తీసుకోవాలి. ముఖాన్ని నేలకు లంబంగా, పైన చిన్న రేకు చూరుతో బిగిస్తే చిమ్మిన నీరు నిలవదు. టేపు వాడవలసి వస్తే గడులను విడివిడిగా సీలు చేసిన రకం కొనాలి. టేపును కత్తిరించిన అంచు దగ్గర గడులు తెరుచుకుని నీరు తాగుతాయి కాబట్టి అంచు చుట్టూ సిలికాన్ సన్నగా రాయాలి.

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో ఎగిరే నూగు వేరే తరహాది. అది బిళ్లకు అంటుకోవడం కంటే బ్రాకెట్ మూలల్లో చేరి, తెరలా వేలాడి కాంతికి అడ్డం పడుతుంది. అక్కడ లోతైన గూడులో బిళ్ల పెట్టకూడదు. సిమెంటులో మేలు చేసే చూరు రేకు ఇక్కడ నూగును పోగుచేసే బుట్ట అవుతుంది. నూనె మిల్లుల్లో బిళ్ల మీద కనిపించని జిడ్డు పొర ముందు చేరి, పొట్టు దుమ్మును తర్వాత పట్టుకుంటుంది; గాలి ఊదడం వల్ల అక్కడ ప్రయోజనం లేదు, సబ్బు నీరే దిక్కు.

వేసవిలో మన జిల్లాల్లో నీడలోనే 42, 43 డిగ్రీలు మామూలు. రేకుల షెడ్డు కింద, ఎండ నేరుగా పడే చోట ప్లాస్టిక్ అంతకంటే బాగా వేడెక్కుతుంది. అక్రిలిక్ బిళ్లలు చాలావరకు 60 డిగ్రీల పైచిలుకు వరకే తట్టుకునేలా తయారవుతాయి. ఆ హద్దు దాటితే గడుల తలాలు వంగి, బిళ్ల పైకి బాగానే కనిపిస్తూనే కాంతిని చెదరగొడుతుంది. క్లింకర్ (సిమెంటు కోసం బట్టీలో కాల్చిన గడ్డలు) కన్వేయర్ పక్కన, డ్రయ్యర్ దగ్గర, ఆవిరి గొట్టాల దరిదాపుల్లో ఎక్కువ వేడికి చేసిన గాజు రిఫ్లెక్టర్ తప్ప మరేదీ నిలవదు. ఖరీదెక్కువే, అయినా ఏడాదికి రెండుసార్లు మార్చే ప్లాస్టిక్ కంటే చివరికి చవకే. పాల శీతలీకరణ కేంద్రాల్లో సమస్య తిరగబడుతుంది: చల్లని గదిలోని బిళ్ల మీద తలుపు తెరిచినప్పుడల్లా తేమ పొగమంచులా కమ్ముతుంది. అక్కడ మంచు పట్టని పూత ఉన్నది, అది చాలకపోతే లోపల హీటర్ ఉన్న రిఫ్లెక్టర్ అడగాలి.

ఆషాఢంలో పడమటి గాలి మొదలయ్యాక తెరిచిన షెడ్లలో దుమ్ము ఒక్క పక్క నుంచే వస్తుంది. అవకాశం ఉంటే రిఫ్లెక్టర్ ముఖం తూర్పు వైపు తిరిగేలా, వీపు గాలికి ఎదురుండేలా బిగించండి. అప్పుడు సెన్సార్ లెన్స్ గాలికి ఎదురవుతుంది కదా అంటే నిజమే. అయితే లెన్స్ చిన్నది, దానికి గాలి గొట్టం అమర్చడం సులువు. బిళ్లకు అమర్చడం కష్టం.

బిగింపు, పరీక్ష

రిఫ్లెక్టర్‌ను స్క్రూలతో బిగించడమే మేలు. స్క్రూ కింద వాషర్ వేసి చేతి బలంతో ఆపాలి. ఎక్కువ బిగిస్తే అంచు చీలి వీపులోకి తేమకు దారి ఏర్పడుతుంది. బెల్టు ఫ్రేముకు కాకుండా నేల నుంచి వేరే కాలు లేపి బిగిస్తే వైబ్రేషన్ బాధ తగ్గుతుంది. టేపు అంటించేటప్పుడు రేకును స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించాలి. స్పిరిట్ రేకు మీదనే, టేపు ముఖం మీద కాదు.

గురి కుదిర్చేటప్పుడు లైటు వెలగగానే చేయి తీసేయకూడదు. సెన్సార్‌ను నెమ్మదిగా ఎడమకు తిప్పుతూ లైటు ఆరిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టండి, కుడికి తిప్పి ఆరిన చోట మరో గుర్తు పెట్టండి, రెంటి నడుమ బిగించండి. పైకి, కిందికి కూడా ఇదే వరుస. సిగ్నల్ నిలకడగా ఉందని చెప్పే ఆకుపచ్చ దీపం ఉన్న సెన్సార్ అయితే అది నిండుగా వెలగాలి.

తర్వాత చేయవలసిన పరీక్షను చాలామంది చేయరు గానీ, అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట తీసుకుని, రిఫ్లెక్టర్ ముఖాన్ని అంచుల నుంచి లోపలికి ఒక్కో పట్టీ కప్పుతూ రండి. ఎంత భాగం మిగిలినప్పుడు సెన్సార్ చేతులెత్తేసిందో చూడండి. సగం కప్పగానే ఆరిపోతే మీ మిగులు బలం, అంటే ఎక్సెస్ గెయిన్, రెండు రెట్లే. ఆ జత దుమ్ములో ఒక్క షిఫ్ట్ కూడా నిలవదు. పదో వంతు తెరిచి ఉన్నా పనిచేస్తే దాదాపు పది రెట్లు ఉన్నట్టు. కాంతి మచ్చ రిఫ్లెక్టర్ కంటే పెద్దదిగా ఉన్నప్పుడే ఈ కొలత నిజం. మచ్చ చిన్నదైతే అంచులు కప్పినా తేడా తెలియదు, మధ్య నుంచి కప్పుతూ రావాలి. పరీక్ష అయ్యాక పట్టీలన్నీ తీసి, జిగురు మరక లేకుండా సబ్బు నీటితో కడగాలి. కొత్తగా బిగించిన రోజు వచ్చిన ఫలితాన్ని బ్రాకెట్ మీదే పెయింటు పెన్నుతో రాసి ఉంచితే, ఆరు నెలల తర్వాత చేసే పరీక్షను దేనితో పోల్చాలన్న ప్రశ్న రాదు.

చివరగా రిఫ్లెక్టర్‌ను గుడ్డతో మూసేసి, లైనులో పోయే అసలు వస్తువును, ముఖ్యంగా మెరుపు ఎక్కువున్నదాన్ని, సెన్సార్ ముందు అన్ని కోణాల్లో తిప్పండి. సెన్సార్ ఒక్కసారైనా రిఫ్లెక్టర్ కనిపించినట్టు లైటు మార్చితే ఏటవాలు పెంచాలి, లేదా పోలరైజ్డ్ సెన్సార్‌కు మారాలి. పక్కపక్కన రెండు జతలుంటే ఒకదాని కాంతి రెండోదాని బిళ్ల నుంచి తిరిగి రాకుండా, ఒక సెన్సార్‌ను ఇటు, రెండోదాన్ని అటు బిగించడం తేలికైన మార్గం.

రిఫ్లెక్టర్ వద్దనుకోవలసిన చోట

ఇంత చేసినా కొన్ని చోట్ల ఈ పద్ధతే సరిపోదు. సిమెంటు ప్యాకర్ మూతి కింద, క్రషర్ నుంచి రాయి పడే చోట, గాలిలోనే దుమ్ము తెరలా నిలబడి ఉన్నప్పుడు కాంతి ఆ తెరను రెండుసార్లు దాటాలి. అక్కడ పంపేది ఒక పక్క, తీసుకునేది రెండో పక్క ఉండే ఎదురెదురు సెన్సార్ల జతకు మారడమే దారి. అందులో కాంతి ఒక్కసారే ప్రయాణిస్తుంది, దాటవలసిన మురికి పొరలు నాలుగు కాదు, రెండే. రెండో పక్కకూ వైరు లాగాలన్న బద్ధకంతోనే చాలా చోట్ల రిఫ్లెక్టర్‌ను పట్టుకుని వేలాడుతుంటారు. ఒకసారి వైరు లాగడానికి పట్టే కూలి, రోజూ రిఫ్లెక్టర్ తుడవడానికి పోయే మనిషి పనిగంటల ముందు చాలా తక్కువ.

మనిషి చేయి మెషిన్‌లో పడకుండా ఆపడానికి ఈ సెన్సార్‌నూ, ఈ రిఫ్లెక్టర్‌నూ ఎంత మంచివైనా వాడకూడదు. లోపల ఒక భాగం చెడితే మెషిన్‌ను తప్పక ఆపే ఏర్పాటు వీటిలో లేదు; ఆ పనికి ధ్రువీకరణ పొందిన సేఫ్టీ లైట్ కర్టెన్లు వేరే ఉన్నాయి.

స్టోర్‌కు ఇండెంట్ రాసేటప్పుడు "రిఫ్లెక్టర్ — 10" అని ఒక్క ముక్క రాస్తే వచ్చేది ఏదో ఒక బిళ్లే. సెన్సార్ మోడల్ నంబరు, దానికి డేటాషీట్‌లో చెప్పిన రిఫ్లెక్టర్ నంబరు, సైజు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, తట్టుకోవలసిన ఉష్ణోగ్రత, పోలరైజ్డ్‌కు పనికిరావాలన్న షరతు — ఇవన్నీ ఇండెంట్‌లోనే ఉండాలి. వచ్చిన సరుకులోంచి ఒక బిళ్లను తీసి, లైనులో ఉన్న దూరంలోనే పెట్టి టేపు పరీక్ష చేశాకే మిగతావి స్టోర్‌లోకి తీసుకోవాలి.